తాళంచెవి మర్చిపోతే

దొంగలు పడకుండా బిగించమని పిలిచిన ఇంట్లో, తలుపు మీద చెయ్యి వేయకముందే గడియ మేస్త్రి ఇంటిల్లిపాదినీ బయట నిలబెట్టేవాడు. తాళం వేయించి, తాళంచెవి తన జేబులో వేసుకునేవాడు. తర్వాత ఒక్కొక్కరినీ ఒకే మాట అడిగేవాడు.

"తాళంచెవి లోపలే మర్చిపోయారు. తలుపుకి తాళం పడిపోయింది. ఇప్పుడు లోపలికి ఎలా వెళ్తారు?"

మాకు అలాంటి అవసరం ఎప్పుడూ రాలేదండీ అనేవాడు ఇంటాయన. ఇంటావిడ ఆయన మొహంలోకి చూసి నవ్వు ఆపుకునేది. కాసేపటికి ఎవరో ఒకరు ఇంటి వెనక్కి నడిచేవారు. ఒకరు చూపించాక మిగతావాళ్ళు ఆగేవారు కాదు. ఎవరి దారి వారిది. ఆలుమగల్లో ఒకరి దారి ఒకరికి తెలియని ఇళ్ళు కూడా ఉండేవి.

దర్జీ ఇంట్లో ముందు గది కిటికీ పక్కకి జరిపే రకం. దర్జీ భార్య రెండు అరచేతులూ అద్దానికి ఆనించి రెక్కను పైకి ఎత్తింది. కింది అంచును గాడిలోంచి తప్పించి, బయటికి తీసి, గోడకి చేర్చి నిలబెట్టింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ సంగతి తనకి తెలియదన్నాడు దర్జీ.

"మీకు తెలిస్తే ఆలస్యంగా వచ్చినప్పుడు నన్ను లేపరు. ఏ వేళకి కొంపకి చేరుతున్నారో నాకూ తెలియాలిగా" అందామె.

కరెంటు ఆఫీసు గుమాస్తా ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య బజారుకి వెళ్ళింది. గుమాస్తా నీళ్ళ డ్రమ్ము మీదికెక్కాడు. చూరులో దోపిన పాత గొడుగు తీసి, వెనక తలుపు పైనున్న వెంటిలేటర్‌లోంచి దించి, దాని వంపు పిడితో లోపలి గడియను తగిలించి లాగాడు. మొదటిసారి జారింది. రెండోసారి గడియ ఊడింది. డ్రమ్ము దిగి చేతులు దులుపుకుంటూ, ఇది మా ఆవిడకి చెప్పకండి, ఈ గొడుగు పారేయమని ఎప్పట్నుంచో పోరుతోంది అన్నాడు.

కొత్త దారులు వెతికే తీరిక దొంగకి ఉండదని మేస్త్రి లెక్క. ఇంటివాళ్ళు వాడి వాడి అరగదీసిన దారే వాడికీ సులువు. అక్కడ అంచులు అరిగి ఉంటాయి, మరలు వదులై ఉంటాయి. మిగతా మేస్త్రీలు తాళంకప్ప మార్చి చేతులు దులుపుకునే చోట ఆయన ముందు ఆ దారులు మూసేవాడు. తలుపు బందుల్లో పొట్టి మరలు తీసి, చట్రం దాటి గోడలోకి దిగే మరలు బిగించేవాడు. గడియ దూరే చోట రేకు ముక్క తీసి ఇనప పట్టీ వేసేవాడు. జరిపే కిటికీ అయితే రెక్క పైకి లేవకుండా పై గాడిలో దిమ్మ కొట్టేవాడు. కిటికీ ఊచలు బయటినుంచి కాక లోపలినుంచి బిగించేవాడు. ఒక్క కిటికీకి మాత్రం ఊచల చట్రం లోపలినుంచి తెరుచుకునేలా వదిలేవాడు. నిప్పంటుకుంటే మనిషి బయటపడాలి కదా అనేవాడు.

కొలతలు తీసుకున్నాక షెడ్డులో ఇనుము కోసి, చిల్లులు పెట్టి, రంగు వేసి ఆరబెట్టడానికి వారం పది రోజులు పట్టేది. ఆ మధ్య రోజుల్లో ఇల్లు ఎప్పటిలాగే ఉండేది.

మేస్త్రికి ఇంకో అలవాటు ఉంది. సాయంత్రం కంచం ముందు కూర్చోగానే ఆ రోజు చూసిన దారి ఇంట్లో చెప్పేవాడు. నోటితో చెప్పి ఊరుకునేవాడు కాదు. గుమాస్తా డ్రమ్ము మీద మునివేళ్ళ మీద నిలబడ్డ తీరు, గొడుగు తిప్పిన తీరు, గరిటె అందుకుని చేసి చూపించేవాడు. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. కూతురు వడ్డిస్తూ ఆగిపోయి, తర్వాతేమైంది నాన్నా అనేది. రోజంతా పరాయి ఇళ్ళ గుమ్మాల్లో మోకాళ్ళ మీద కూర్చున్న మనిషికి అదే వినోదం.

కూతురూ అల్లుడూ అదే ఇంట్లో మేడమీద గదిలో ఉంటారు. అల్లుడు బిస్కెట్ల ఏజెన్సీలో వ్యాను నడిపేవాడు. ఏజెన్సీ మూతపడి చాలా నెలలైంది. పని పోయాక అతను భోజనానికి కిందికి రావడం మానేశాడు. కూతురు తండ్రికి వడ్డించి, ఆ తర్వాత భర్తకి కంచం పట్టుకుని మెట్లెక్కేది. మేస్త్రి ఒకసారి పైకి వెళ్ళి పిలిచాడు. ఆకలి లేదు మామయ్యా అన్నాడు అల్లుడు. ఇంకోసారి పిలిస్తే తలుపు తీయలేదు. అభిమానం ఉన్న మనిషి, వదిలేయండి అంది భార్య. మేస్త్రి వదిలేశాడు.

దర్జీ ఇంట్లో పట్టపగలు దొంగతనం జరిగింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దుకాణంలో ఉన్నారు. కిటికీ రెక్క గోడకి చేర్చి నిలబెట్టి ఉంది. అద్దం మీద గీత కూడా లేదు. మేస్త్రి వెళ్ళి చూసి, నా పని ఆలస్యమైంది, తప్పు నాదే అన్నాడు. మీరేం చేస్తారండీ, మా రాత అలా ఉంది అన్నాడు దర్జీ. వాళ్ళింటి ఊచలు అప్పటికి షెడ్డులో ఆరుతున్నాయి.

తర్వాత గుమాస్తా ఇల్లు. డ్రమ్ము వెంటిలేటర్ కిందికి జరిపి ఉంది. గొడుగు డ్రమ్ము పక్కన పడి ఉంది. ఈ గొడుగు ఇక్కడికెందుకొచ్చిందని గుమాస్తా భార్య అడిగింది. పోలీసుల ముందు, ఆమె ముందు, గుమాస్తా ఆ కథంతా చెప్పాల్సి వచ్చింది. అందరూ వెళ్ళాక ఆయన మేస్త్రిని గుమ్మం దగ్గర ఆపాడు.

"మా ఆవిడకి కూడా చెప్పలేదు మేస్త్రీ. నీకొక్కడికే చెప్పాను."

మొన్నటిదాకా మేస్త్రి గారూ, మీరూ అన్న మనిషి.

ఆ వారం నుంచే కబుర్లు రావడం మొదలైంది. ఒకాయన పని ఇప్పుడే వద్దన్నాడు. ఇంకొకాయన, మీరు రానక్కర్లేదు, కొలతలు మేమే తీసి పంపిస్తాం అన్నాడు. పాలకేంద్రం దగ్గర మాట్లాడుకుంటున్నవాళ్ళు మేస్త్రి వచ్చేసరికి వాతావరణం గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. జనం ఆయన్ని ఇళ్ళలోకి రానిచ్చి, ఉన్న కంతలన్నీ చూపించింది ఆయన మనిషి మంచివాడని. ఆ ఒక్కటి పోతే ఆయన చేతిలో మిగిలేది స్క్రూడ్రైవర్.

స్టేషన్‌కి పిలిచారు. ఇన్‌స్పెక్టర్ కుర్చీ చూపించాడు. మేస్త్రి బల్ల అంచు పట్టుకుని, ఒక మోకాలు ముందు వంచి, ఇంకోటి తర్వాత వంచి కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ అదంతా అయ్యేదాకా ఆగాడు.

"కుర్చీలో కూర్చోవడానికే ఇంత తతంగం. నువ్వు డ్రమ్ములెక్కావంటే నేను కూడా నమ్మను. ఎవరికి చెప్పావో అది చెప్పు, చాలు."

"ఎవరికీ చెప్పలేదు సార్."

అన్నప్పుడు అది అబద్ధమని ఆయనకి తెలియదు. ఇంట్లో చెప్పడాన్ని చెప్పడం కింద ఆయన ఎన్నడూ జమకట్టుకోలేదు. స్టేషన్ మెట్లు దిగి సందు మలుపు తిరిగాక తట్టింది. అక్కడ మూసి ఉన్న ఓ దుకాణం అరుగు మీద కాసేపు కూర్చున్నాడు.

ఆ సాయంత్రం భార్యని అడిగాడు. నువ్వు గోడవతలి వాళ్ళతో ఏమైనా అన్నావా అని. ఆమె గిన్నె కింద పెట్టింది.

"కూరలో ఉప్పు వేశానో లేదో నాకు గుర్తుండదు. ఎవరి గొడుగు ఎవరి గడియకి తగిలిందో గుర్తుపెట్టుకుని ఊరంతా దండోరా వేశానా?"

మామూలుగా అయితే కూతురు నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

భార్య మాట మేస్త్రి నమ్మలేదు. నమ్మకపోవడమే ఆయనకి హాయి. ఆమె నోరు జారి ఉంటే అది తప్పే గాని నేరం కాదు. గోడవతల ఎవరో విన్నారు, ఎవరో వాడుకున్నారు. దొంగ బయటివాడు. అలా కాకపోతే మిగిలేది మేడమెట్లు. మెట్ల పైనున్నది అల్లుడు, అల్లుడితో కూతురి కాపురం. ఇన్‌స్పెక్టర్‌కి ఆ మాట చెబితే కాపురం పోతుంది, చెప్పకపోతే తన మాటకి ఉన్న విలువ పోతుంది. కాబట్టి ఆయన భార్య నోటి మీదే ఆశ పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకి భార్య వాళ్ళ అక్కకి ఆపరేషన్ అయితే సాయానికి వెళ్ళింది. ఇంట్లో వడ్డించేది కూతురు ఒక్కతే. చాలా రోజులుగా కంచం ముందు కథలు లేవు. ఆ సాయంత్రం మేస్త్రి తనంతట తానే మొదలుపెట్టాడు.

కాంపౌండర్ ఇంటి సంగతి చెప్పాడు. ఆ ఇంట్లో పని ఎప్పుడో పూర్తయింది. బాత్రూం కిటికీకి బయట అడ్డంగా పేర్చిన గాజు పలకలుంటాయి. గాజు మసకది, లోపల ఏముందో కనిపించదు. లోపల మేస్త్రి స్వయంగా గోడలోకి దించిన ఊచలున్నాయి. ఇంట్లో ఆ మాట చెప్పలేదు. ఆ పలకల్లో మూడోది వదులుగా ఉందనీ, లాగితే ఊడి వస్తుందనీ, అందులోంచి చెయ్యి పెడితే పక్క తలుపు గడియ అందుతుందనీ చెప్పాడు. మూడో పలకలో ఏ వదులూ లేదు. గరిటె అందుకోలేదు, చేతులు తిప్పలేదు. అన్నం కలుపుకుంటూ చెప్పాడు.

కూతురు నీళ్ళ గ్లాసు ఆయన పక్కన పెట్టింది.

"పైనుంచి మూడోదా నాన్నా, కిందినుంచా?"

"కిందినుంచి" అన్నాడు.

ఆమె తలూపింది. భర్తకి కంచం సర్దుకుని మెట్లెక్కింది.

మర్నాటి నుంచి షెడ్డుకి వెళ్ళేటప్పుడు మేస్త్రి కాంపౌండర్ ఇంటి వెనక సందులోంచి వెళ్ళేవాడు. పలకలన్నీ ఎక్కడివక్కడ ఉండేవి. చూసిన ప్రతి ఉదయం ఆయనకి టిఫిన్ సహించేది. భార్య తిరిగొచ్చాక ఆమె నోటి గురించి ఏమేం అనాలో కూడా కొంత తయారుచేసుకున్నాడు. పైనుంచా కిందినుంచా అన్న మాట గుర్తొస్తే, ఆడపిల్ల, అన్నీ వివరంగా అడుగుతుంది అనుకున్నాడు.

ఒక ఉదయం కిందినుంచి మూడో పలక కిటికీలో లేదు. గోడకి చేర్చి నిలబెట్టి ఉంది. పలకని పట్టి ఉంచే రేకు క్లిప్పులు రెండూ వంచి ఉన్నాయి. పైవి గాని కిందివి గాని ఎవరూ ముట్టుకోలేదు. కంతలోంచి ఊచలు కనిపిస్తున్నాయి. వచ్చినవాడు ఊచలు చూసి వెళ్ళిపోయాడు.

మేస్త్రి షెడ్డుకి వెళ్ళకుండా ఇంటికి తిరిగొచ్చాడు. అల్లుడు ఇంట్లో లేడు. కూతురు డాబా మీద బట్టలు పిండుతోంది.

"పైనుంచా కిందినుంచా అని ఎందుకడిగావమ్మా?"

ఆమె చేతిలో చొక్కా ఉంది. పిండడం పూర్తిచేసింది. దులిపింది. తీగమీద వేసి, భుజాల దగ్గర లాగి సరిచేసింది. తర్వాత తీగవైపే చూస్తూ చెప్పింది. పని పోయాక ఆయన మాట్లాడడం మానేశారని చెప్పింది. కంచం ముందు పెడితే గోడవైపు తిరిగి తినేవారు. ఒకసారి ఏదో ఒకటి మాట్లాడాలని దర్జీ భార్య కథ చెప్పింది. ఆయన నవ్వారు. ఆ కిటికీ ఎంత ఎత్తుందని అడిగారు. అన్ని నెలల తర్వాత ఆయన ఒక ప్రశ్న అడిగినందుకు ఆమె సంతోషపడింది. తెలియకపోతే కిందికి వచ్చి తండ్రిని అడిగి మరీ చెప్పింది.

"నీ కథ చెప్పినంతసేపే ఆయన నావైపు తిరిగేవారు నాన్నా. కథ అయిపోతే మళ్ళీ గోడే."

దర్జీ ఇంట్లో దొంగతనం జరిగాక కూడా అర్థం కాలేదా అని మేస్త్రి అడిగాడు. అర్థమైంది అంది. గుమాస్తా గారి గొడుగు సంగతి అర్థమయ్యాకే చెప్పానంది.

మేస్త్రికి అప్పుడు నర్సు గుర్తొచ్చింది. వెనక వీధిలో ఒంటరిగా ఉండే మనిషి. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోతుంది. బయటినుంచి చూస్తే పగలంతా ఆ ఇంట్లో ఎవరూ లేనట్టే ఉంటుంది. వెనక తలుపుని రెండు చేతులతో పైకెత్తి తోస్తే బందులు మేకుల్లోంచి లేచిపోతాయని ఆమె స్వయంగా చూపించింది. ఇనుము ఇంకా సిద్ధం కాలేదు.

"నర్సమ్మ సంగతి కూడా చెప్పావా?"

"చెప్పాను."

నర్సు పగలు ఇంట్లోనే ఉంటుందని మీ ఆయనకి చెప్పావా అని అడిగాడు. ఆమె గుర్తు తెచ్చుకుంది. అది నువ్వు నాతో అనలేదు నాన్నా అంది. నిజమే. నవ్వు రాని భాగాలు ఆయన కంచం ముందు చెప్పేవాడు కాదు.

కింద తలుపు కొట్టారు. కానిస్టేబుల్. కాంపౌండర్ ఫిర్యాదు ఇచ్చాడు, ఇన్‌స్పెక్టర్ గారు రమ్మంటున్నారు అన్నాడు.

స్టేషన్‌లో కాంపౌండర్ ముందే ఉన్నాడు. మేస్త్రి లోపలికి వస్తుంటే లేచి తన కుర్చీ జరిపాడు. ఆయనే ఇన్‌స్పెక్టర్‌తో అన్నాడు, ఈ మేస్త్రి గారు అయ్యుండడానికి వీల్లేదు సార్, ఆ ఊచలు దించింది ఈయనే, ఊచలున్నాయని తెలిసినవాడు పలక తీయడు కదా అని. ఇన్‌స్పెక్టర్ కూడా అదే అనుకుంటున్నానన్నాడు. కాంపౌండర్ ఇంట్లో ఎవరూ ఆ పలకల వైపునుంచి ఏనాడూ లోపలికి వెళ్ళలేదు, కాబట్టి ఇది ఎవరో దారిన పోయేవాడి పని, పాతవి రెండూ కూడా అలాంటివే అయ్యుండొచ్చు అన్నాడు. నీ మీద మాట పోయినట్టే, నేనే నలుగురికీ చెబుతాను, వెళ్ళు అన్నాడు.

మేస్త్రి లేవడానికి బల్ల అంచు పట్టుకున్నాడు. ఇప్పుడు వెళ్ళిపోతే కూతురి కాపురమూ ఉంటుంది, తన పేరూ ఉంటుంది. ఇంతకన్నా ఎవరూ ఇవ్వలేరు. నర్సు తలుపు ఈ సాయంత్రమే వెళ్ళి ఉన్న ఇనుముతో బిగించి రావచ్చు. కాని నర్సు ఒక్కతే కాదు. నెలల తరబడి కంచం ముందు చెప్పినవన్నీ మేడమీదికి వెళ్ళాయి. కొన్ని ఇళ్ళవాళ్ళు కొలతలయ్యాక పని వద్దనుకున్నారు. ఏ ఇంట్లో ఎవరు ఏ వేళ నిద్రపోతారో ఆయనకి తెలియదు, అల్లుడికీ తెలియదు.

"సార్, ఆ రోజు ఎవరికీ చెప్పలేదన్నాను."

"ఊఁ."

"మా అమ్మాయికి చెప్పాను."

ఇన్‌స్పెక్టర్ కాంపౌండర్ వైపు చూసి, మీరు కాసేపు బయట కూర్చోండి అన్నాడు. కాంపౌండర్ లేచాడు. వెళ్తూ మేస్త్రి భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు.

అల్లుడు బస్టాండు దగ్గర దొరికాడు. పరుగెత్తలేదు, వాదించలేదు. ఎవరు చెప్పారని అడిగాడట. కానిస్టేబుల్ చెబితే, మామయ్యేనా అన్నాడట.

కూతురి కోసం పోలీసులు వచ్చినప్పుడు ఆమె తడి బట్టలు మిగిలినవి ఆరేసి, బకెట్టు బోర్లించి, కిందికి వచ్చింది. మేస్త్రి చెప్పులు వేసుకుంటుంటే ఆపింది.

"నువ్వు రాకు నాన్నా. నువ్వొస్తే నాకు ఏడుపొస్తుంది."

ఆయన ఆగాడు. ఆమె సందు చివర తిరిగాక వెనకే బయల్దేరాడు. మోకాళ్ళ వల్ల అందుకోలేకపోయాడు. స్టేషన్ చేరేసరికి ఆమెని లోపలి గదిలో కూర్చోబెట్టారు. గది తలుపు వేసి ఉంది. తెలిసి చెప్పిందా, తెలియక చెప్పిందా అన్నదే ఆమె కేసులో ప్రశ్న అని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. తెలియక అని చెబితే సాయంత్రానికి ఇంటికి వచ్చేది. ఆమె తెలిసే చెప్పానంది.

భార్య కబురు అందిన రోజే బయల్దేరి వచ్చింది. సంచి కింద పెట్టకుండానే మేడమీదికి వెళ్ళి చూసి, దిగి వచ్చింది.

"జనం గడియల సంగతులు తెచ్చి కంచం ముందు పోయమని మిమ్మల్ని ఎవరడిగారు?"

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. వేళకి వడ్డించేది. వడ్డించి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆయన తినే చప్పుడు ఆయనకే వినిపించేది.

నర్సు తలుపు ఆ వారమే పూర్తిచేశాడు. షెడ్డులో మిగిలిన ఇనుము గుమాస్తా ఇంటిది. కొలతలకి కోసిన ఇనుము ఇంకో ఇంటికి పనికిరాదు. బిగించనా వద్దా అని కబురు పెట్టాడు. ఆలోచించి చెబుతామన్నారు. తర్వాత రమ్మన్నారు.

గుమాస్తా ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టాడు. వెనక తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, మేస్త్రి చేతుల్నే చూస్తూ ఉన్నాడు. భార్య లోపలి గదిలోంచి బయటికి రాలేదు. మేస్త్రి ఆ ఇంట్లో ఎవర్నీ ఏమీ అడగలేదు. వెంటిలేటర్‌కి లోపలినుంచి ఊచలు బిగించాడు. బందుల్లో పొట్టి మరలు తీసి పొడుగువి దించాడు. పాత గడియ కింద ఇంకో గడియ వేసి, అది దూరే చోట పట్టీ కొట్టాడు. నిచ్చెన కదులుతుంటే పట్టుకోమన్నాడు. గుమాస్తా లేచి పట్టుకున్నాడు. మేస్త్రి దిగగానే వదిలేసి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

పని అయ్యాక సామాను సంచిలో సర్దుకుని వెనక తలుపులోంచే బయటికి వచ్చాడు. వెనకాల తలుపు మూసుకుంది, గడియ పడింది. మేస్త్రి సంచి కింద పెట్టి, అరచేత్తో తలుపుని ఒకసారి నెట్టి చూశాడు.

"ఎవరది?" లోపలినుంచి గుమాస్తా భార్య గొంతు.

"నేనేనమ్మా. సరిగ్గా పడిందో లేదో చూస్తున్నాను."

లోపల రెండో గడియ కూడా పడింది.